పదిహేడో ఇంటి పలుకు

మూతపడిన నూలు మిల్లులో తలదాచుకున్నాక, అక్కడ తమ వీధిని మళ్లీ గీయాలన్న ఆలోచన టైలరక్కది. తుపాను వెళ్లిన రెండో రోజు మిల్లు గేటు దగ్గర లారీ ఆగింది. పైనుంచి భోజనం పొట్లాలు విసిరారు. కండబలం ఉన్నవాళ్లు మూడేసి, నాలుగేసి పట్టుకుపోయారు. ముసలివాళ్లు ఉత్త చేతులతో వెనక్కి వచ్చారు. అది చూసి ఆవిడకి ఒళ్లు మండిపోయింది. ఎక్కడినుంచో సుద్దముక్క సంపాదించి, నడుం వంచి, ఆ పొడవాటి షెడ్డు నేలమీద నలభై రెండు గళ్లు గీసింది. బేసి నంబర్లు ఒక పక్క, సరి నంబర్లు ఇంకో పక్క, మధ్యలో నడిచే దారి. అచ్చం కొట్టుకుపోయిన వీధి ఎలా ఉండేదో అలాగే.

"ఎవరింట్లో వాళ్లు కూర్చోండి. నేను ఇంటి నంబరు పిలుస్తాను. పలికినవాళ్ల దగ్గరికే భోజనం వస్తుంది. తోసుకున్నారో, నా కత్తెరకి పని చెబుతా!" అంది.

ఆవిడ గొంతు అలాంటిది మరి. పాతికేళ్లు కుట్టుమిషను చప్పుడు మీద అరిచి సంపాదించిన గొంతు. ఎదురు చెప్పే ధైర్యం ఎవరికుంటుంది? పొట్లాలు ఎగరేసుకుపోయిన మొనగాళ్లు కూడా పిల్లుల్లా వచ్చి తమ గళ్లలో కూర్చున్నారు.

ఆ రోజునుంచి అదే పద్ధతి. పొద్దున్న ఎనిమిదింటికి ఆవిడ షెడ్డు మధ్యలో ఉన్న ఎత్తు బల్ల ఎక్కేది. చేతిలో కొలతల పుస్తకం. వీధిలో అందరి భుజాలూ నడుములూ ఇంటి నంబర్ల వారీగా రాసుకున్న పుస్తకమది. ఇళ్లు పోయాక అక్కడ ఎవరెవరు ఉండేవారో చెప్పగలిగిన కాగితం అదొక్కటే. "ఒకటో ఇల్లు!" అంటే "ఉన్నాం!" అని జవాబు. పుస్తకంలో టిక్కు. "రెండో ఇల్లు!" "ఉన్నాం!" ఇంకో టిక్కు. పద్దెనిమిదో ఇంటి కండక్టర్ తాత మాత్రం "ఉన్నాం, రైట్ రైట్!" అనేవాడు. ముప్పై ఏళ్లు బస్సులో ఈల వేసిన మనిషి, ఊరికే పలకమంటే పలుకుతాడా? పిల్లలు పడీ పడీ నవ్వేవారు.

ఇదిగో, ఇక్కడే వాళ్లు ఒక పొరపాటు చేశారు. ఇంకెవరూ చెయ్యరు ఇలాంటి పని, ఆ వీధివాళ్లే చేస్తారు.

నాలుగో రోజున ఎనిమిదో ఇంటిని పిలిస్తే ఎవరూ పలకలేదు. పోయారనుకున్నారు. గడి చెరిపేసి ఇరుగ్గా ఉన్న పక్కవాళ్లకి చోటిచ్చారు. ఆరో రోజున ఎనిమిదో ఇంటి పెద్దమ్మ తన కాళ్లమీద తను నడిచి వచ్చింది. అన్ని రోజులూ ఎక్కడో నీళ్లట్యాంకు మీద చిక్కుకుపోయిందట. వరసగా గళ్లు లెక్కపెట్టుకుంటూ వచ్చి, తన చోట వేరేవాళ్ల చాప చూసి నిలబడిపోయింది.

"అప్పుడే నన్ను తీసేశారట్రా?" అంది.

ఏడవలేదు, శాపనార్థాలు పెట్టలేదు. ఆ ఒక్క మాటే. వీధి వీధంతా సిగ్గుతో చచ్చిపోయింది. ఆ సాయంత్రమే కట్టడి చేసుకున్నారు. ఇక ఎవర్నీ తీసెయ్యకూడదు. రానివాళ్ల గడి రోజూ ఊడ్చి ఉంచాలి. వాళ్ల భోజనం చీకటిపడేదాకా ఆ గడిలోనే పెట్టాలి. పిలిచినప్పుడు వాళ్ల ఎదురింటివాళ్లు వాళ్లకి బదులుగా "ఉన్నాం" అనాలి. టైలరక్క టిక్కు పెట్టాలి.

మూడు వారాలు గడిచేసరికి అలాంటి ఇళ్లు మూడు మిగిలాయి. ఐదోది, పదిహేడోది, ముప్పై ఆరోది. పదిహేడో ఇల్లు టైలరక్క సొంత చెల్లెలిది. చెల్లెలు, మరిది, మరిది తల్లి, మూడు వారాల పసిగుడ్డు. పంతొమ్మిదో ఇల్లు టైలరక్కది. రెండిళ్లకీ మధ్య ఒకటే గోడ. బాలింత ఎలా ఉందోనని ఆవిడ పొద్దున్న లేవగానే కత్తెరతో గోడమీద టకటకా కొట్టేది. అవతలినుంచి చెల్లెలు విసుక్కుంటూ "ఉన్నాంలే!" అని అరిచేది. ఆ చివర "లే" ఉంది చూశారూ, అందులో సగం కోపం, సగం గారాబం.

వాళ్లు పోయింది తుపాను వల్ల కాదు. కడుపు మండేది అక్కడే. గాలి తగ్గింది, వాన వెలిసింది, అందరూ బతికి బయటపడ్డాం అనుకున్నారు. టైలరక్క కత్తెర, కొలతల పుస్తకం ఉన్న సంచీ భుజాన వేసుకుని, బిందె పట్టుకుని మంచినీళ్ల కోసం పైరోడ్డుకి వెళ్లింది. మిట్టమధ్యాహ్నం పూట కాలువ లాకుల తలుపులు ఎత్తేశారు. అవతల గట్టున ఉన్న గోదాములు మునగకూడదని ఇవతలి వీధి మీదికి నీళ్లు వదిలేశారు. సైరను లేదు, కేక లేదు. ఆవిడ బిందె నింపుకుని వెనక్కి తిరిగేసరికి వీధి ఉండాల్సిన చోట గోధుమరంగు నీళ్లు కదులుతున్నాయి. చాలామంది దొరికిన తలుపో దూలమో పట్టుకుని గట్టెక్కారు.

లాకుల కాపలాదారు తనంతట తనే మిల్లుకి వచ్చి ఆ సంగతి చెప్పాడు. "ఫోనొచ్చింది, తలుపులెత్తమన్నారు. కింద జనం ఉన్నారండీ అన్నాను. అందర్నీ ఖాళీ చేయించేశాం, నువ్వు ఎత్తు అన్నారు" అంటూ తల బాదుకున్నాడు. ఎత్తాక చూస్తే పదిహేడో ఇంటి కప్పుమీద ముగ్గురు పెద్దవాళ్లు కనిపించారట. ఒకావిడ చేతిలో గుడ్డల మూట ఉందట. అది మూట కాదని టైలరక్కకి తెలుసు. మిగిలిన ముప్పై తొమ్మిది ఇళ్లూ ఒక్క మాటమీద నిలబడి ఫిర్యాదు రాశాయి. ఒక లాయరమ్మ ఫీజు మాట ఎత్తకుండా కేసు పట్టుకుంది. విచారణ అధికారిని వేశారు. ఫోను చేసింది ఎవరో తేలాలి. ఆ వీధికి కావలసింది అదే.

ఇరవై ఆరో రోజున లాయరమ్మ మొహం వేలాడేసుకుని వచ్చింది. చేతిలో కాగితాల కట్ట.

"ఇవేంటో చూడండి" అంది.

చూస్తే టైలరక్క పుస్తకం నకళ్లే. వారం వారం భోజనాల కోసం వీళ్లే రాసి పంపినవి. నలభై రెండు ఇళ్లు, నలభై రెండు టిక్కులు.

"కాలువల శాఖవాళ్లు వీటినే సాక్ష్యంగా పెట్టారు. అందరూ ఉన్నారని మీరే రోజూ రాసుకున్నారట. శవాలూ దొరకలేదు కాబట్టి ఎవరూ చావలేదట. ప్రాణం పోతేనే తలుపులెత్తించింది ఎవరని అడిగే అధికారం ఆ అధికారికి ఉంటుంది. లేదంటే తలా నాలుగు కప్పు రేకులిచ్చి కేసు మూసేస్తారు."

మంచికి పోయి తమ గొయ్యి తామే తవ్వుకున్నట్టయింది.

"గురువారం పదింటికి ఆయన ఇక్కడికే వస్తాడు. మీ పద్ధతిలోనే పిలవమన్నాడు. చెవిన పడింది పడినట్టు రాసుకుంటానన్నాడు. ఆ మూడు ఇళ్ల తరఫున ఎవరూ పలక్కండి. అంతే మీరు చెయ్యాల్సింది."

టైలరక్క, ఎదురింటివాడిగా పదిహేడుకి బదులు పలకాల్సిన కండక్టర్ తాత వైపు తిరిగింది. "విన్నావుగా తాతా, గురువారం పదిహేడుకి నువ్వు పలక్కూడదు."

తాత ఆవిడ వంక వింతగా చూశాడు. గొంతు మీద చెయ్యి పెట్టుకుని, గాలి మాత్రమే వచ్చే గొంతుతో అన్నాడు: "నేనెక్కడ పలుకుతున్నానమ్మా? జలుబు చేసి గొంతు పూడుకుపోయి తొమ్మిది రోజులైంది. నా ఇంటికే నా మనవరాలు పలుకుతోంది."

"మరి పదిహేడుకి ఎవరు పలుకుతున్నారు?"

ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. పదిహేనో ఇంటాయన ఇరవయ్యో ఇంటావిడ అనుకున్నాడట. ఆవిడ ఇరవై ఒకటో ఇంటి కోడలు అనుకుందట. కోడలు రెండు చేతులూ ఊపి, "నేను కాదు బాబోయ్! గొంతు ఆ వెనకాల మిషన్ల వైపునుంచి వస్తోంది కదా" అంది. షెడ్డు చివర పాత మిషన్లు పట్టాలు కప్పుకుని వరసగా ఉన్నాయి. అక్కడ ఎవరూ ఉండరు. తల్లులు పిల్లల్ని దగ్గరికి లాక్కున్నారు.

టైలరక్క మాత్రం పుస్తకంలోకి తల వంచుకుంది. ఉన్నమాట చెప్పుకోవాలంటే, ఆవిడకి ఆ సంగతి ముందే తెలుసు. తొమ్మిది రోజులుగా "పదిహేడో ఇల్లు" అనగానే వస్తున్న జవాబులో "రైట్ రైట్" లేదు. చివర "లే" ఉంది. మొదటి రోజు వినగానే ఆవిడ చేతిలో పెన్సిలు ఆగిపోయింది. తల ఎత్తి చూస్తే మళ్లీ రాదేమోనన్న భయంతో పుస్తకంలోనే కళ్లు పెట్టుకుని టిక్కు కొట్టింది. మర్నాడూ అంతే. ఆ తర్వాతి రోజూ అంతే. తెల్లవారడం ఆలస్యం, ఎప్పుడు ఎనిమిదవుతుందా అని కాచుకుని కూర్చునేది. కొలతల పుస్తకంలో చెల్లెలి పేజీ ఎన్నిసార్లు తిప్పిందో, ఆ కాగితం అంచు గుడ్డలా మెత్తబడిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం, అందరూ గేటు బయట నీళ్ల లారీ దగ్గర ఉన్నప్పుడు, ఒక్కతే మిషన్ల వెనక్కి వెళ్లింది. పైకప్పు కంతల్లోంచి ఎండ పడుతోంది. ఆ వెలుగులో దూది నూగు తేలుతోంది. నేలమీద నూగు వేలు మందాన పేరుకుని ఉంది. దానిమీద ఒక్క అడుగు గుర్తు లేదు. ఒక్కో పట్టా ఎత్తి చూసింది. తుప్పు వాసన, ఎలుకల గూళ్లు, అంతే.

"పదిహేడో ఇల్లు" అంది మెల్లగా.

"ఉన్నాంలే!"

జవాబు వెనకనుంచి వచ్చింది, గళ్ల వైపునుంచి. పరుగెత్తుకుంటూ వెళ్లింది. పదిహేడో గడిలో ఎవరూ లేరు. పొద్దున్న పొడి గుడ్డతో తుడిచిన నేల నల్లగా తడిసి ఉంది. మిగతా రెండు ఖాళీ గళ్లలో నూగు తెల్లగా పడి ఉంది, ఇక్కడ ఒక్క పోగు కూడా నిలవలేదు. కప్పు కారుతోందనుకుందామంటే వాన పడి పదిహేను రోజులైంది. ఆవిడ ఒంగి ఆ తడి మీద అరచెయ్యి పెట్టింది. వణుకు పుట్టేంత చల్లగా ఉంది.

"ఎక్కడున్నావే? నీకు కనిపిస్తున్నానా? చంటిది పాలు తాగుతోందా?" అని అడిగింది. దేనికీ జవాబు లేదు. ఇంటి నంబరు పిలిస్తేనే పలుకుతుంది. ఆవిడ ఇంకో నాలుగుసార్లు పిలిచింది. నాలుగుసార్లూ పలికింది. పిచ్చిదానిలా నవ్వింది, ఆ వెంటనే భోరున ఏడ్చింది.

సాయంత్రం లాయరమ్మని పట్టుకుంది. "పదిహేడుని వదిలెయ్యండి. ఐదూ, ముప్పై ఆరూ చాలవా మీకు?"

"చాలవక్కా. ఐదోవాళ్లు బంధువుల ఇంటికి పోయుంటారంటున్నారు. ముప్పై ఆరోవాళ్లు తుపానుకి ముందే వెళ్లిపోయారంటున్నారు. కాపలాదారు కళ్లారా చూసింది మీ చెల్లెలి వాళ్లనే. మూడు వారాల బాలింత ఎక్కడికి పోతుంది? అందరికీ ఆ ఇంటితోనే దారి. పదిహేడు నిలబడితేనే మిగతా రెండూ నిలబడతాయి."

"నా నోటితో నా చెల్లెల్ని చంపమంటారు."

పక్కనే కూర్చున్న ఆరో ఇంటావిడ ఊరుకోలేదు. ఐదో ఇంట్లో ఉండేది ఆవిడ అన్నావదినలు. ఇన్నాళ్లూ ఐదుకి పలుకుతున్నది ఆవిడే.

"ఆ గొంతు ఎవరిదో నాకు తెలీదనుకున్నావా? నీ చెల్లెలు పలుకుతోందమ్మా, నీ అదృష్టం. మా వదిన నాతో ఒక్కసారి పలికిందా? నేను నోరు మూస్తే ఆ ఇంటికి ఇంకెవరూ లేరు. అయినా మూస్తాను. మరి నువ్వు?" అంది, ముక్కు చీదుకుంటూ.

టైలరక్క లేచి ఐదో గడి దాకా వెళ్లి, అక్కడ పడ్డ నూగు ఊడ్చింది.

గురువారం పదింటికి అధికారి వచ్చాడు. జుట్టు నెరిసిన మనిషి, మాట తక్కువ. వెంట కాలువల శాఖ తరఫున ఇస్త్రీ మడత నలగని చొక్కాతో ఒకాయన. బల్ల ఎదురుగా కుర్చీలు వేశారు. అలవాటుకొద్దీ ఎక్కడ నోరు జారుతుందోనని వీధివాళ్లు ఒక ఉపాయం చేసుకున్నారు. ఇంటికి ఒకరే పలకాలి, తన నంబరు వచ్చినప్పుడు మాత్రమే. మిగిలిన సమయమంతా పిల్లా పెద్దా అందరూ రెండు చేతులతో నోరు మూసుకోవాలి. అలా నూటయాభైమంది నోళ్లు మూసుకుని గళ్లలో బిక్కుబిక్కుమంటూ కూర్చున్నారు.

టైలరక్క బల్ల ఎక్కింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఉన్నాం, ఉన్నాం.

"ఐదో ఇల్లు!"

ఎవరూ పలకలేదు. ఆరో ఇంటావిడ భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి, నోటిమీద చేతులు మాత్రం తియ్యలేదు. అధికారి రాసుకున్నాడు. పిలుపు మళ్లీ సాగింది. పదిహేను, పదహారు.

ఆవిడ అంచు మెత్తబడిన పేజీ తిప్పింది.

"పదిహేడో ఇల్లు."

"ఉన్నాంలే!"

గంట కొట్టినట్టు స్పష్టంగా వినిపించింది. శాఖాయన కుర్చీలో ముందుకు జరిగాడు. "విన్నారుగా సార్? ఉన్నామంటున్నారు. రాసుకోండి!"

"ఎవరు పలికింది? నిలబడండి" అన్నాడు అధికారి.

ఎవరూ నిలబడలేదు. ఆయన లేచి షెడ్డు ఈ చివరినుంచి ఆ చివరికి చూశాడు. ప్రతి నోటిమీదా చేతులే. తల్లులు ఒక చేత్తో చంటిపిల్లల నోళ్లూ, ఇంకో చేత్తో తమ నోళ్లూ మూశారు. లాయరమ్మ చేతులు కూడా నోటిమీదే ఉన్నాయి. శాఖాయన కూడా అటే చూశాడు. ఆయన నవ్వు అక్కడే ఆగిపోయింది.

"మళ్లీ పిలవండమ్మా" అన్నాడు అధికారి. గొంతు కొంచెం మారింది.

"పదిహేడో ఇల్లు."

"ఉన్నాంలే!"

పదిహేడో గడిలో తడి సుద్దగీత దాకా వచ్చింది. గీత ఒక పక్క కరిగి దారిలోకి జారింది. ఆ చుట్టుపక్కల వాళ్లు కూర్చున్నచోటినుంచే వెనక్కి జరిగారు. అధికారి నుదుటి చెమట తుడుచుకున్నాడు. "చూడమ్మా, నేను విన్నదే రాయాలి. ఇంకొక్కసారి పిలవండి. ఆ తర్వాత రాసేస్తాను."

టైలరక్క పుస్తకం మూసి బల్ల దిగింది. నడుచుకుంటూ వెళ్లి పదిహేడో గడి ముందు, తడి అంచున చతికిలబడింది. చంటిపిల్లతో మాట్లాడినట్టు మాట్లాడింది.

"ఏమే, ఇంక పలక్కే. నా తల్లివి కదూ. నువ్వు పలుకుతుంటే ఇన్ని రోజులూ నాకు ప్రాణం లేచొచ్చింది. దాచుకున్నాను, ఎవరికీ చెప్పలేదు. కానీ నువ్వు ఉన్నానంటే, ఆ ఫోను చేసినవాడు ఇంట్లో కాళ్లు బారచాపుకుని కూర్చుంటాడే. నిన్నూ నీ బిడ్డనీ ఎవరూ ముంచలేదని రాసుకుంటారు. నేను బతికుండగా ఆ మాట రాయనివ్వను. నా మీద ఒట్టు. ఈసారి పిలిచినప్పుడు పలక్కు. కోపమొచ్చినా సరే, పలక్కు."

లేచి నిలబడింది. బల్ల ఎక్కలేదు. అక్కడినుంచే పిలిచింది. పాతికేళ్ల గొంతంతా పెట్టి పిలిచింది.

"పదిహేడో ఇల్లు!"

ఎవరూ పలకలేదు.

పుట్టి బుద్ధెరిగాక చెల్లెలు ఆవిడ మాట విన్నది అదే మొదలు. టైలరక్క అక్కడే నిలబడింది. చెవులు రిక్కించి విన్నది. ఒప్పుకున్నది తనే, అడిగింది తనే. అయినా లోపల ఎక్కడో, ఇప్పుడైనా విసుక్కుంటుందేమో అని ఆశ. ఒక నిమిషం గడిచింది. రెండు నిమిషాలు గడిచాయి. నేలమీద తడి అంచులనుంచి ఆరడం మొదలుపెట్టింది.

"రాయండి. నలుగురు" అంది.

అధికారి పేర్లు అడిగాడు. చెల్లెలి పేరు చెప్పింది. మరిది పేరు చెప్పింది. ఆయన తల్లి పేరు చెప్పింది.

"బిడ్డ పేరు?"

బిడ్డకి పేరు లేదు. మరిది తన నాయనమ్మ పేరు పెడదామనీ, చెల్లెలు చస్తే ఒప్పుకోననీ మూడు వారాలు పోట్లాడుకున్నారు. గోడకి ఇవతల మిషను తొక్కుకుంటూ టైలరక్క ఆ పోట్లాటంతా విని తనలో తను నవ్వుకునేది. ఎవరు నెగ్గేదీ తేలకముందే నీళ్లొచ్చాయి.

శాఖాయన గొంతు సవరించుకున్నాడు. "సార్, పేరు లేని మనిషి మరణం ఎలా నమోదు చేస్తారు?"

"పేరుంది" అంది టైలరక్క. చెల్లెలు పెట్టాలనుకున్న పేరు చెప్పింది. పొల్లుతో సహా విడమరిచి చెప్పింది.

అధికారి రాసుకుని, సరిచూసుకోవడానికి ఆ పేరు గట్టిగా పైకి చదివాడు. ఆ బిడ్డని ఆ పేరుతో ఒక మనిషి పిలవడం అదే మొదటిసారి. షెడ్డులో అందరూ పదిహేడో గడి వైపు చూశారు. ఎక్కడినుంచీ ఏ చప్పుడూ రాలేదు. ఆయన ఆ పేరు ఎదురుగా "మృతి" అని రాశాడు.